పెరట్లో ఇనుప పందిరి వేయిస్తున్నారా?

పెరడున్న ఇంటికి పందిరే అందం. కింద నీడ, పైన నాలుగు కాయలు. అయితే కట్టెల పందిరి ఉన్నవాళ్లకే తెలుసు దాంతో పడే పాట్లు. గుంజల మొదళ్లు చెదలు తింటాయి, పైభాగం వానకు నాని పుచ్చిపోతుంది. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగిన ఆ వానలకు మా పందిరి సొరపాదుతో సహా కూలింది. "మన చంద్రగిరి కోటలో రాజమహల్ చూడండి, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. ఇక చెదలకేం పని?" అన్నారు మా అత్తగారు. సరే, ఈసారి ఇనుముతోనే అనుకున్నాం.

ఏ గొట్టం మంచిది?

మామూలు ఇనుప గొట్టం చవక. కానీ రెడాక్సైడ్, దానిమీద ఎనామిల్ పెయింటు తప్పనిసరి. జి.ఐ. గొట్టానికి జింకు పూత ఉంటుంది కాబట్టి త్వరగా తుప్పు పట్టదు. వెల్డింగు చేసిన చోట మాత్రం ఆ పూత కాలిపోతుంది, అక్కడ జింకు పెయింటు వేయించుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు చూడముచ్చటగా ఉంటుంది గానీ ఖర్చు బాగా ఎక్కువ. మేం జి.ఐ. తీసుకున్నాం.

అసలు చూడాల్సింది మందం. రెండంగుళాల చదరపు గొట్టం 14 గేజి అంటే సుమారు 2 మి.మీ., 16 గేజి అంటే 1.6 మి.మీ. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. తూకం వేయిస్తే గుట్టు తెలిసిపోతుంది. 20 అడుగుల గొట్టం మొదటి రకమైతే 18 కిలోలు దాటుతుంది, రెండోది 15 కిలోలకు కాస్త తక్కువే. "పదారు గేజి చాల్లే అక్కా, సార్‌ని అడిగి చెప్పు" అన్నాడు వెల్డింగు అబ్బాయి. "పందిరి కింద పొద్దంతా ఉండేది సార్ కాదు నాయనా, నేను. తూకం వెయ్యి" అన్నాను.

కాళ్లు గట్టిగా ఉండాలి

పందిరికి తుప్పు పట్టేది ముందు కాళ్ల దగ్గరే. అడుగున్నర నుంచి రెండడుగుల లోతు గుంత తీయించి కాంక్రీటు పోయించండి. ఆ కాంక్రీటు నేలకు రెండంగుళాలు పైకి వచ్చి, చుట్టూ వాలుగా ఉంటే నీళ్లు నిలవవు. గొట్టాల పైచివర్లకు మూతలు వేయించడం మరిచిపోవద్దు. లోపలికి నీరు దిగితే బయట రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తినేస్తుంది.

నీడ సంగతి

మన వైపు ఏప్రిల్ నెలాఖరులో, మళ్లీ ఆగస్టు నడుమ మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తినే ఉంటుంది. అప్పుడు పైన అడ్డంగా వేసిన పట్టీలు ఇచ్చే నీడ అంతంతమాత్రమే. తీగ అల్లుకునే దాకా షేడ్ నెట్ కట్టుకోవడం మేలు. ఈదురుగాలులు వీచే రోజుల్లో దాన్ని విప్పేయాలి, లేకుంటే గాలికి తెరచాపలా ఉబ్బి పందిరిని గుంజేస్తుంది. ఎండకు కాలిన ఇనుము లేత నులితీగలను మాడ్చేస్తుంది కాబట్టి గొట్టాలకు కొబ్బరితాడు చుట్టండి. లేత రంగు వేయిస్తే వేడి ఇంకా తగ్గుతుంది.

కరెంటుతో జాగ్రత్త

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఇనుప తీగల మీద తడిబట్టలు ఆరేస్తూ షాక్ కొట్టి చనిపోయిన ఆడవాళ్ల గురించి వానాకాలంలో పేపర్లలో చదువుతూనే ఉంటాం. పందిరికి ఓ బల్బు వేలాడదీద్దామని అందరికీ ఉంటుంది. కానీ వైరును ఇనుము మీద చుట్టి లాగితే, ఎండకు దాని తొడుగు పగిలిన రోజున పందిరంతా కరెంటే! వైరును ప్లాస్టిక్ పైపులోంచే లాగించండి. పందిరికి ఎర్తింగు చేయించండి. కరెంటు లీకైన క్షణంలోనే సరఫరా ఆపేసే ఆర్.సి.సి.బి. స్విచ్చి ఇంట్లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. బట్టలకు నైలాన్ తాడు వేరేగా, పందిరికి దూరంగా కట్టుకోండి. ఏటా వానలకు ముందు అతుకులన్నీ ఓసారి చూసి, తుప్పు కనబడినచోట గీకి రంగు పూస్తే సరి.

బేరం మొదలుపెట్టే ముందే గొట్టం మందం, గుంత లోతు, ఎర్తింగు, ఈ మూడూ కాగితం మీద రాసి షాపులో ఇవ్వండి. డిజైన్ల పుస్తకం తర్వాత తిరగేయొచ్చు.