మంచు వీధిలో ఒక కుర్చీ

నగరజీవనానికి ఆధారభూతమైన సూత్రం ఒకటి ఉంది. గడప లోపలిది మనది, గడప దాటిన తరువాత ఉన్నది అందరిది. సాధారణ దినాలలో ఈ సరిహద్దును ఎవరూ ప్రశ్నించరు. కాని ప్రకృతి ప్రకోపించినప్పుడు ఆ సరిహద్దు చెరిగిపోతుంది. అమెరికాలోని ఉత్తర ప్రాంత నగరాలలో మంచు తుపాను వెలిసిన మరునాడు వీధిపక్కన కనిపించే ఒక పాత కుర్చీ ఇందుకు చక్కని నిదర్శనం.

ఉష్ణమండల వాసులమైన మనకు మంచు అనగానే గడ్డిపరకలపై మెరిసే బిందువులు, తెల్లవారుజామున కమ్ముకొనే పొగమంచు గుర్తుకు వస్తాయి. షికాగో, బోస్టన్ వంటి నగరాలలో మంచు స్వరూపం వేరు. 1967 జనవరి 26, 27 తేదీలలో షికాగో నగరంపై 23 అంగుళాల మంచు కురిసింది. 2014-15 శీతకాలంలో బోస్టన్‌లో కురిసిన మంచు మొత్తం 9 అడుగులు దాటింది. అప్పుడే కురిసిన మంచు దూదివలె తేలికగా కనిపించినా, ఒక ఘనపు మీటరు మంచు సుమారు 100 కిలోల బరువు ఉంటుంది. తడి మంచు ఇంకా బరువు. ఒక కారు నిలిపే చోటు పొడవు 6 మీటర్లు, వెడల్పు రెండున్నర మీటర్లు అనుకొని, దానిపై అర మీటరు మంచు పడిందనుకొంటే, తొలగించవలసిన బరువు సుమారు 750 కిలోలు అవుతుంది. దీనికి తోడు, నడివీధిని శుభ్రపరిచే వాహనాలు మంచును పక్కలకు నెట్టడం వల్ల అక్కడ ఉన్న కార్లు మరింత లోతుగా కూరుకుపోతాయి. గడ్డకట్టే చలిలో పార పట్టి దానినంతటినీ ఎత్తిపోయడం సామాన్యమైన శ్రమ కాదు.

ఆ నగరాలలోని పాత పేటలు చాలావరకు కార్లు రాకపూర్వమే వెలసినవి. అక్కడి ఇళ్లు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. ఎక్కువమందికి సొంత షెడ్డు ఉండదు కనుక కారును వీధిలోనే నిలపాలి. మంచు కురిసిన తరువాత ఉన్న చోటులో కొంత భాగాన్ని మంచుగుట్టలే ఆక్రమిస్తాయి. అనగా, కార్ల సంఖ్య తగ్గదు గాని, వాటిని నిలిపే తావు తగ్గిపోతుంది. కొరత ఏర్పడిన చోట తగవు పుట్టడం సహజం.

ఈ తగవు నుండి పుట్టిన ఆచారమే కుర్చీ. తన కారు చుట్టూ ఉన్న మంచును తొలగించిన వ్యక్తి, ఉద్యోగానికి పోతూ ఆ ఖాళీ చోటులో ఒక విరిగిన కుర్చీనో, బకెట్టునో, ఇస్త్రీ బల్లనో నిలిపి వెళతాడు. సాయంత్రం తిరిగి వచ్చేవరకు ఆ చోటు తనదేనని దాని భావం. దీనిని బోస్టన్‌లో ‘స్పేస్ సేవర్’ అని, షికాగోలో ‘డిబ్స్’ అని, పిట్స్‌బర్గ్‌లో ‘పార్కింగ్ చైర్’ అని వ్యవహరిస్తారు. కిటికీలోనుండి తువ్వాలు వేసి బస్సులో సీటు పట్టుకొనే మన అలవాటు తెలిసినవారికి ఈ పద్ధతి వింతగా తోచదు.

ఈ ఆచారం న్యాయమేనా? సమర్థించేవారు శ్రమను ప్రమాణంగా చూపుతారు. ఒకరు గంటల తరబడి చెమటోడ్చి బాగుచేసిన చోటును, ఏ కష్టమూ పడని మరొకరు క్షణంలో ఆక్రమించడం అన్యాయమని వారి వాదన. పైగా, ఆ భరోసా లేకపోతే మంచు తొలగించడానికి ఎవరూ పూనుకోరని కూడ అంటారు. మానవుడు తన శ్రమను జోడించిన వస్తువుపై అతనికి హక్కు ఏర్పడుతుందని ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 17వ శతాబ్దంలోనే ప్రతిపాదించాడు. కుర్చీ పెట్టిన వ్యక్తి లాక్ గ్రంథాన్ని చదవకపోయినా, అతని మనస్సులో ఉన్నది ఆ భావమే.

అయితే లాక్ ఒక నియమాన్ని కూడ చెప్పాడు. ఇతరులకు సరిపడినంత, అంతే మంచిది మిగిలి ఉండాలి. మంచు వీధిలో మిగలనిది సరిగా అదే. వీధి ప్రజలందరి సొత్తు. పార ఎత్తలేని వృద్ధురాలు, రాత్రి విధులు ముగించుకొని వచ్చే నర్సు, రోగిని చూడవచ్చిన బంధువు, వీరికి కూడ ఆ చోటుపై సమానమైన హక్కు ఉంది. ఒకనాటి శ్రమకు వారాల తరబడి ప్రతిఫలం కోరడం ధర్మం కాదు. కుర్చీని తొలగించి కారు నిలిపినవారి టైర్లలో గాలి తీయడం, అద్దాలు పగులగొట్టడం వంటి దుశ్చర్యలు కూడ ఆ నగరాలలో జరిగాయి. హక్కుగా మొదలైనది పగగా పరిణమించడం శోచనీయం.

నగర పాలకులు ఈ సమస్యను పలు విధాలుగా ఎదుర్కొన్నారు. బోస్టన్ నగరం మధ్యేమార్గాన్ని అవలంబించింది. మంచు అత్యవసర ప్రకటనను ఉపసంహరించిన తరువాత 48 గంటలవరకే కుర్చీలను సహిస్తారు. ఆపై వాటిని చెత్తతోపాటు తీసుకుపోతారు. ఆ నగరంలోని సౌత్ ఎండ్ పేట 2015లో ఈ ఆచారాన్నే పూర్తిగా విడనాడింది. షికాగోలో వీధికి అడ్డంగా వస్తువులు ఉంచడం చట్టవిరుద్ధమే అయినా, కొన్నాళ్లు అధికారులు చూచీ చూడనట్లు ఊరుకొంటారు. మినియాపొలిస్ నగరం కొరతను ముందే సర్దే విధానాన్ని ఎంచుకొంది. అక్కడ మొదటి రాత్రి ప్రధాన మార్గాలను, రెండవ నాడు తక్కిన వీధులలో సరిసంఖ్య ఇళ్లవైపును, మూడవ నాడు బేసిసంఖ్య ఇళ్లవైపును ఖాళీ చేయించి శుభ్రపరుస్తారు. మంచు తొలగింపు ఎంత ముఖ్యమైన విషయమంటే, 1979లో షికాగో మేయరు మైకేల్ బిలాండిక్ తన పార్టీ ప్రాథమిక ఎన్నికలో జేన్ బర్న్ చేతిలో ఓడిపోవడానికి, ఆ శీతకాలపు మంచును సకాలంలో తీయించలేకపోవడం ఒక ప్రధాన కారణమైంది.

చట్టం చేరలేని చోట మర్యాద పనిచేయాలి. తన కారుపై నుండి తీసిన మంచును పొరుగువాని కారుపైకి గాని, నడివీధిలోకి గాని విసరరాదు. అగ్నిమాపక దళం వాడే నీటి గొట్టాలను మంచులో కప్పివేయరాదు. మంటలు చెలరేగినప్పుడు ఆ గొట్టాన్ని వెదకడంలో గడిచే ప్రతి నిమిషమూ ప్రాణాంతకమే. చక్రాల కుర్చీ పట్టేంత దారిని కాలిబాటపై విడిచిపెట్టాలి. మంచు ఆగిన మూడు గంటలలో ఇంటి ముందరి కాలిబాటను 42 అంగుళాల వెడల్పున శుభ్రం చేయాలని బోస్టన్‌లో నిబంధన ఉంది. ఇంజను నడిపేముందు కారు వెనుకనున్న పొగగొట్టాన్ని మంచు మూసివేయలేదని నిర్ధారించుకోవాలి. లేనిచో విషవాయువు లోపలికి చేరి ప్రాణాలు తీస్తుంది.

ఉన్నత విద్యకై, ఉద్యోగాలకై ఆ నగరాలకు వెళ్లిన తెలుగువారు తొలి శీతకాలంలోనే ఈ పాఠాలు నేర్చుకొంటారు. తన చోటుతోపాటు పక్కింటి వృద్ధుల చోటును కూడ శుభ్రపరిచే యువకులు ఉన్న వీధిలో కుర్చీల అవసరం తగ్గుతుంది. శ్రమకు విలువ ఇవ్వడం, ఆ విలువకు ఒక గడువు ఉందని గుర్తించడం, శ్రమించలేనివారికి చోటు మిగల్చడం అనే ఈ మూడు గుణాలు మంచు ఎరుగని మన వీధులకు కూడ అవసరమే.