చంద్రుని నేలలో నీటి జాడ

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతములలో బావి త్రవ్వదలచిన రైతును మొదట వేధించు ప్రశ్న ఒక్కటే: ఈ రాతినేల క్రింద నీరు ఎక్కడ ఉన్నది? ఇదే ప్రశ్న సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరముననున్న చంద్రుని గూర్చి వేసినచో, అచట గడ్డపార దించకుండ సమాధానము రాబట్టుట ఎట్లు? శాస్త్రజ్ఞుల ఉపాయమును శ్రోతలకు వివరింపదలచినాము.

అంతరిక్షమునుండి విశ్వకిరణములు ఎడతెగక చంద్రుని తాకుచుండును. అడ్డుకొనుటకు అచట వాయుమండలము లేదు. అవి నేలలో చొచ్చి పరమాణు కేంద్రకములను ఛేదింపగా, న్యూట్రానులను కణములు వేగముగా వెలువడును. వానిలో కొన్ని పైకెగసి, చంద్రుని చుట్టు తిరుగు నౌకలోని పరికరమును చేరును.

ఇక గోలీలాటను తలచుకొనుడు. గోలీ పెద్ద బండను తాకినచో వేగము అంతగా తగ్గక వెనుకకు ఎగురును. తనవంటి గోలీని సూటిగా తాకినచో, వేగమంతయు దానికిచ్చి నిలిచిపోవును. న్యూట్రాను తీరును ఇట్టిదే. ఇనుము వంటి బరువైన కేంద్రకములు దాని వేగమును అంతగా తగ్గింపలేవు. ఉదజని, అనగా హైడ్రోజను, కేంద్రకమో దానితో ఇంచుమించు సమానమైన బరువు గలది. నీటి అణువు ఒక్కొక్కటిలో రెండు ఉదజని పరమాణువులు గలవు. కనుక మంచు కలిసిన నేలనుండి వడిగల న్యూట్రానులు తక్కువగా వచ్చును. ఆ లోటే నీటికి గుర్తు.

1998లో అమెరికా పంపిన లూనార్ ప్రాస్పెక్టర్ నౌక ఈ లోటును రెండు ధ్రువములకడ కనుగొన్నది. అయితే ఇది తెలుపునది ఉదజని సంగతియే. సూర్యుని నుండి వీచు సౌరపవనము సైతము ఉదజనిని చంద్రుని మట్టిలో చేర్చును. అందుచేత వేరు సాక్ష్యము అవసరమయ్యెను.

2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1లో అమెరికావారి పరికరమొకటి ఉండెను. చంద్రతలము ప్రతిఫలించు సూర్యకాంతిలో, 3 మైక్రానుల చేరువనున్న పరారుణ కిరణములు కొంత లోపించుటను అది గమనించినది. నీటికిగాని, దాని బంధువైన హైడ్రాక్సిలునకుగాని అది ఆనవాలు. ఈ ఫలితము 2009 సెప్టెంబరులో వెల్లడి అయినది. మరుసటి నెల 9న అమెరికా శాస్త్రజ్ఞులు దక్షిణ ధ్రువముకడ, ఎండ ఎరుగని కేబియస్ గుంటలో రాకెట్ భాగమును పడవేసిరి. లేచిన ధూళిలో నీటి ఆవిరి, మంచు కనిపించినవి. అచటి మట్టి బరువులో నూటికి 5, 6 పాళ్లు నీరని అంచనా.

న్యూట్రానుల లెక్క సుమారు ఒక మీటరు లోతువరకే అందును. అంతకు దిగువ ఏమున్నదో త్రవ్వి చూడవలసినదే. ఆ మాట మన బావులవారికి క్రొత్త కాదు.