చివరి ఆయకట్టు దీపాలు

మా మనవడు సెలవులకొచ్చి, మా పాత అంబాసిడర్ని ఓ రాత్రి తెనాలి దాకా తీసుకెళ్ళాడు. తిరిగొచ్చి తాళాలు బల్ల మీద పెడుతూ, "తాతయ్యా, ఆ లైట్లతో రోడ్డు కనిపించి చావట్లేదు. 100/90 వాట్ల బల్బులు తెచ్చి వేసేద్దాం" అన్నాడు.

వాడి బాధ నిజమే. గేదె అడ్డమొస్తే దగ్గరికొచ్చేదాకా తెలియదు. "బల్బు సంగతి తర్వాత చూద్దాంరా. ముందు మల్టీమీటరు పట్రా" అన్నాను.

ఇంజిన్ నడుస్తుండగా హై బీమ్ వేసి, బ్యాటరీ మీద మీటరు పెడితే 13.6 వోల్టులు చూపించింది. అదే మీటరును దీపం వెనక హోల్డరు పిన్నులకు ఆనిస్తే 11.4. దారిలో 2.2 వోల్టులు పోయాయి. "పదహారు శాతమేగా తాతయ్యా" అన్నాడు వాడు, పెద్ద నష్టం కాదన్నట్టు.

చిక్కంతా అక్కడే ఉంది. కమ్మరి కొలిమిలో ఊచను చూశారా? కాస్త కాలితే చీకటి ఎరుపు, ఇంకాస్త కాలితే నారింజ, బాగా కాలితే కళ్ళు చెదిరే తెలుపు. వేడి కొంచెం పెరిగితే వెలుగు చాలా పెరుగుతుంది. ఫిలమెంటుదీ అదే తీరు. దాని వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, ఇంచుమించు వోల్టేజీ 3.4వ ఘాతంతో పడిపోతుంది. మనవడు ఫోనులోనే లెక్క కట్టాడు: 16 శాతం వోల్టేజీ తగ్గితే మిగిలే వెలుగు 55 శాతం. మా బండికున్నవి 45/40 వాట్ల పాతకాలం బల్బులు. ఆ కాస్త వెలుగులోనూ దాదాపు సగం రోడ్డు మీదికి రాకుండానే పోతోందన్నమాట.

పోయిన వోల్టులు ఎక్కడికి పోయాయి? మా వైపు వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవలోకి నిండుగా వదిలిన నీళ్ళు రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి ఆయకట్టుకు చేరేసరికి ఎంత సన్నబడతాయో రైతుకు తెలుసు. తప్పు పొలానిది కాదు, దారిది. మా బండిలోనూ అంతే. కరెంటు బ్యాటరీలో బయల్దేరి, డ్యాష్‌బోర్డు వెనక స్విచ్చిలోకెళ్ళి, డిప్పర్ స్విచ్చి మీదుగా, ముప్ఫై ఏళ్ళు దాటిన సన్నటి తీగల వెంట మళ్ళీ ముందుకొస్తుంది. ప్రతి అతుకు దగ్గరా చిలుము. చివర ఎర్తు తీగ బిగించిన చోట తుప్పు. ఏడు ఆంపియర్లు పారుతుంటే 2.2 వోల్టులు పోవడమంటే 15 వాట్లు వేడిగా మారుతున్నట్టు. పాత బండ్లలో లైటు స్విచ్చి ముట్టుకుంటే వెచ్చగా తగలడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఆ తీగల మీదే 100 వాట్ల బల్బులు వేశామనుకోండి. రెండూ కలిపి 16 ఆంపియర్ల పైన లాగుతాయి. కరెంటు పెరిగేకొద్దీ దారిలో నష్టం పెరుగుతుంది, వేడి ఇంకా వేగంగా పెరుగుతుంది. హోల్డరు కరుగుతుంది, తీగల పైతొడుగు మాడుతుంది. బండ్లు తగలబడేది ఇలాంటి చోటే. అందుకే ఒద్దురా అన్నాను.

దీనికి మందు రిలే. కాలవ తలుపు ఎత్తడానికి ఊళ్ళో రైతు అక్కడిదాకా నడిచి వెళ్ళడుగా. కబురు పెడితే లస్కరు ఎత్తుతాడు. రిలే ఆ లస్కరు. పాత స్విచ్చి తీగలు ఇక కబురు మోస్తే చాలు. రిలేలోని కాయిల్ ఆంపియరులో ఐదో వంతు కూడా తీసుకోదు. అది అయస్కాంతమై, టిక్కుమని లోపలి పట్టీని లాగితే, బ్యాటరీ నుంచి అసలు కరెంటు దగ్గరి దారిలో దీపానికి పారుతుంది. నాలుగు పిన్నుల మీదా అంకెలుంటాయి: 85, 86 కాయిల్‌వి, 30 బ్యాటరీ వైపు, 87 దీపం వైపు. డిమ్ముకొకటి, హై బీమ్‌కొకటి, రెండు రిలేలు తెచ్చాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాం. ఎర్తుకు కూడా బాడీని నమ్ముకోకుండా బ్యాటరీ దాకా అదే తీగ లాగాం. ఒక్కో రిలేకి బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఈ ఫ్యూజు బద్ధకించి మానేయకండి, మీ బండికి కాపలా అదే. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయడం మరిచిపోవద్దు.

దారి బాగుపడ్డాకే బల్బు మాట ఎత్తాం. అంబాసిడర్‌ది ఏడంగుళాల గుండ్రటి దీపం. బుల్లెట్టుదీ, పాత జీపుదీ అదే కొలత కాబట్టి హెచ్4 బల్బు పట్టే డోములు సులువుగా దొరుకుతాయి. 60/55 వాట్ల మామూలు హాలోజెన్ బల్బు వేశాం. వేడికి టంగ్‌స్టన్ ఆవిరై గాజుకు నల్లగా పట్టకుండా, లోపలి హాలోజెన్ వాయువు దాన్ని పట్టుకొచ్చి మళ్ళీ ఫిలమెంటు మీదికే చేరుస్తుంది. ఆ గాజును వేలితో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడి పోగై పగులుతుంది. శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి.

"మరి ఎల్‌ఈడీ ఎందుకొద్దు?" అన్నాడు వాడు. హెచ్4 బల్బును దగ్గరగా పెట్టి చూపించాను. లోపల రెండు ఫిలమెంట్లుంటాయి. డిమ్ము ఫిలమెంటు కింద దొన్నె లాంటి చిన్న రేకు ఉంటుంది. వెలుగు డోము కింది సగానికి తగలకుండా అది అడ్డుకుంటుంది. కింది సగానికి తగిలిన వెలుగే పైకి లేచి ఎదుటివాడి కళ్ళల్లో పడేది. డోము వంపు పరావలయం. దాని నాభికి ఫిలమెంటు ఎంత దూరంలో ఉండాలో మిల్లీమీటరు లోపు లెక్కతో తయారుచేస్తారు. అందులో చదును పలక మీద చిప్పులు అతికించిన ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే ఆ లెక్క తప్పుతుంది. గోడ మీద తెల్లగా మెరుస్తుంది గానీ, వెలుగు దిక్కులేకుండా చిమ్ముతుంది. డెబ్భై దాటిన నా కళ్ళకు అలాంటి బండి ఎదురైతే కాసేపు రోడ్డే ఉండదు. ఆ కాసేపట్లో పక్కన సైకిలు మీద ఎవరున్నా నాకు కనిపించరు.

అమెరికాలో ఉన్న మావాడు అక్కడి దీపాలు పంపుతానన్నాడు. వద్దన్నాను. వాళ్ళు కుడివైపు నడుపుతారు, వాళ్ళ డిమ్ము వెలుగు కుడి అంచుకు వాలుతుంది. మన రోడ్డు మీద అది సరిగ్గా ఎదురొచ్చేవాడి వైపు.

అంతా బిగించాక హోల్డరు దగ్గర 13.3 వోల్టులు వచ్చాయి. మనవడి ముఖం చూడాలి! ఇక గురి కుదర్చాలి. చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, దీపం మధ్య ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీశాం. డిమ్ము వెలుగు పై అంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కిందుండేలా మర తిప్పాం. మన మోటారు వాహనాల నిబంధన ప్రకారం 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టకూడదు. మనవణ్ణి ఆ దూరాన కొంచెం వంగి నిలబడమన్నాను.

"కళ్ళల్లో పడట్లేదు తాతయ్యా!"

అప్పుడు వాళ్ళ నానమ్మను పిలిచి వెనక సీట్లో కూర్చోబెట్టాను. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు పెట్టాను. వెనక దిగింది, ముక్కు లేచింది. వెలుగు నెమ్మదిగా పైకి పాకి వాడి ముఖం మీదికి వచ్చింది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పండక్కి ఊరెళ్ళేది ఆ బరువుతోనే కదా. స్క్రూ డ్రైవరు తీసుకుని, వాడు చెయ్యి దించేదాకా రెండు మరలూ కిందికి తిప్పాను.