అద్దెయింట పాలు పొంగించుటకు ముందు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలనిరి. అద్దెయింట దిగి చూడుము అని వారు చేర్పలేదు. ఆ కాలమున ననేకులు పుట్టిన యూరనే పెరిగి, ఆ యింటనే కన్నుమూయుచుండిరి గనుక అట్టి మాట వారికక్కరలేకపోయెను. నేడట్లుకాదు. ఉద్యోగము, పిల్లల చదువు, వ్యాపారము, వైద్యము, వీనిలో నేదో యొక కారణమున మనలో ననేకులము కొన్నియేండ్లకొకమారు సామాను కట్టుకొని కొత్తయింటి గడప త్రొక్కుచున్నాము. త్రొక్కుటకు ముందు పంచాంగము చూతుము. ఆషాఢమును విడుతుము. ఈశాన్యమున నేమున్నదో యడుగుదుము. కాని ఆ కట్టడమునకు అనుమతి యున్నదా యని యడుగు గృహిణులు మనలో నెందరు?

మా కడప జిల్లాలోని ముద్దనూరు రైలుస్టేషను గల యూరు. జమ్మలమడుగునకును పులివెందులకును పోవు దారులిచ్చట కలియును. చేరువనే కలమళ్ల యొద్ద రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము 1994 నుండి నడచుచున్నది. అందుచేత బయటి యూళ్లనుండి వచ్చి అద్దెకు దిగువారు ఈ ప్రాంతమున నెల్లప్పుడు నుందురు. ఇచ్చటి యిండ్లు రెండు విధములు. దూలములు, దంతెలు వేసి, వానిపై బండలు పరచి, మట్టి కొట్టి, చవుడు పోసిన పాత మిద్దెలు కొన్ని. సిమెంటు మేడలు కొన్ని. నేలపై పరచునది మాత్రము తరచుగా రెంటను ఈ సీమ నల్లబండయే. చూచుటకు చల్లగా, శుభ్రముగా నుండును. తడిసినచో కాలు నిలువదు. ఈ బండనుగూర్చియే నేను చెప్పబోవు కథ.

మాకెరిగిన యొక సోదరి భర్తకు ఈ ప్రాంతమునకు బదిలీ అయ్యెను. ఇంట అత్తగారు. ఆమెకు పక్షవాతము వచ్చి తగ్గినను ఎడమకాలు స్వాధీనములో లేదు. దొరికిన యిల్లు బాగుగనే యున్నది గాని స్నానపుగదియు మరుగుదొడ్డియు పెరటి చివర నుండెను. సోదరి యింటి యజమానిని, “అన్నా, వెనుక వసారాలో అత్తగారికొక చిన్న స్నానపుగది కట్టుకొందుము. ఖర్చు మేమే పెట్టుకొందు”మని యడిగెను. ఆయన, “దానికేమమ్మా, కట్టుకొనుడు. మన యింట మనము గోడ పెట్టుటకు కాగితమెందుకు?” అనెను. మాట మంచిదే. ఆమె సంతోషించి బయానా యిచ్చి, పాలు పొంగించి, మేస్త్రీని పిలిపించెను.

గోడ నడుమెత్తు లేచినంతలో ప్రక్కయింటివారు తమ హద్దుగోడపై బరువు మోపుచున్నారని ఫిర్యాదు చేసిరి. అధికారులు వచ్చి అనుమతిపత్రము చూపుమనిరి. అప్పుడు తెలిసినదేమనగా, కొత్తగదికే కాదు, ఆ మేడ పైయంతస్తునకు సైతము అనుమతి లేదు. పని యాగెను. ఇటుకలకును సిమెంటునకును పెట్టిన సొమ్ము పోయెను. యజమాని, “నేను కట్టుమని వ్రాసియిచ్చితినా?” అని తప్పుకొనెను. వానలు పట్టిన యొకనాటి రాత్రి ఆ పెద్దామె కోడలి భుజము పట్టుకొని పెరటికి పోవుచు తడిబండపై జారి తుంటియెముక విరుగగొట్టుకొనెను. ఆమె తిరిగి లేచి నడచుటకు ఆరునెలలు పట్టెను. కోడలు నేటికిని ఆ సంగతి చెప్పునపుడు కన్నీరు పెట్టుకొనును. “ఒక్క కాగితమడిగియుంటే మరియొక యిల్లు చూచుకొందుము గదా” యనును.

ఇంతకు అనుమతి యననేమి? ఇది వట్టి రుసుమునకు రసీదు కాదు. స్థలము కట్టువానిదేనా, వీథికి విడువవలసిన జాగ విడిచెనా, ప్రక్కవారి గాలివెలుతురులకు అడ్డము రాదా, మురుగు పోవు దారి యున్నదా, అని చూచి పటముపై వేయు ముద్ర. గ్రామమున పంచాయతీ కార్యాలయమునందును, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వంటి పట్టణములలో పురపాలక కార్యాలయమునందును దీనిని పొందవలెను. వెల్లవేయుట, పగిలిన గచ్చు బాగుచేయుట, చెదలుపట్టిన తలుపు మార్చుట వంటి చిన్నపనులకు సాధారణముగా అనుమతి యక్కరలేదు. గది చేర్చుట, కప్పు వేయుట, పైయంతస్తు లేపుట మాత్రము అనుమతి లేక చేయరాదు. దరఖాస్తు పెట్టవలసినవాడు స్థలపు యజమాని. అద్దెకున్నవారు తమ పేర పొందుదుమన్న కుదరదు. కావున యజమానిని ముందుగా కదలించుటయే మన పని.

ఇంటిపన్ను రసీదు చూపి “ఇదిగో అనుమతి” యనువారు కలరు. సోదరీమణులారా, ఇచ్చట మోసపోకుడు. అనుమతి లేని కట్టడమునకు సైతము పన్ను వేయుదురు. పన్ను కట్టినంతమాత్రమున ఆ కట్టడము సక్రమమైనది కాదు. విద్యుత్తు బిల్లు సంగతియు నంతే.

యజమాని పత్రము చూపకున్నచో సమాచారహక్కు చట్టము (2005) క్రింద అడుగవచ్చును. ఆంధ్రప్రదేశమున గ్రామస్థాయి కార్యాలయమున దీనికి రుసుము లేదు. ముప్పది దినములలో సమాధానమీయవలెను. ఇల్లు మారుటకు నెల ముందే యీ పని మొదలిడవలెనని దీనివలన తెలియుచున్నది.

ఇదంతయు అధికారులకు భయపడి చేయు పని యని తలపవలదు. 2021 నవంబరు నెలలో కుండపోత వానలకు కదిరి పట్టణమున మూడంతస్తుల కట్టడము రాత్రివేళ కూలి, నిద్రించుచున్న పసిబిడ్డలు సైతము మరణించిరి. 2025 మే 18న హైదరాబాదు గుల్జారుహౌజు వద్ద మంటలు చెలరేగి 17 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ యింటికి రాకపోకలకు ఇరుకుదారి యొక్కటే. కావున ఇల్లు చూడబోయినపుడు వంటయింటి గూళ్లు లెక్కించుటతో నాగక, మంట లేచినచో పిల్లలను తీసికొని ఏ దారిని బయటికి పోగలమని ఒకమారు నడచి చూడవలెను. మిద్దెయైనచో దూలముల చివరలు గోడలో చేరుచోట చెమ్మ పట్టినదా, చెద తగిలినదా, చవుడు కొట్టుకొనిపోయినదా యని చూడవలెను. బోరుబావికిని ఇంకుడుగుంటకును ఎంత యెడమున్నదో అడుగవలెను. త్రాగునీటి యాధారమునకు అట్టి గుంట కనీసము 18 మీటర్ల దూరముండవలెనని ప్రమాణము. రాతినేలయందు పగుళ్లగుండ మురుగు త్వరగా దిగును గనుక ఈ ప్రాంతమున ఎడము మరింతయున్న మేలు. వంటయింట గ్యాసుబుడ్డి నిలువుగా నుంచుటకు చోటును, నేలమట్టమున గాలి పోవు రంధ్రమును ఉండవలెను. విద్యుత్తు పెట్టెలో నేలకు ప్రవాహము కారినచో తానే యాపు సాధనమున్నదా యని చూడవలెను.

చట్టము మనకు కొంత యండగా నున్నది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము 108వ సెక్షను ప్రకారము, ఇంటి వాడుకకు భంగము కలిగించు లోపము యజమానికి తెలిసియుండి, మామూలు జాగ్రత్తతో చూచినను అద్దెదారునకు కనబడనిదైనచో, దానిని ముందుగనే చెప్పుట యజమాని విధి. యజమాని సమ్మతి లేక స్థిరమైన కట్టడము కట్టుటకు అద్దెదారునకు హక్కు లేదు. తాను బిగించుకొన్నవానిని, ఇల్లు విడుచుటకు ముందు, ఇంటిని మునుపటి స్థితిలో నుంచి తీసికొనిపోవచ్చును. ఒప్పందమున వేరుగా వ్రాసికొన్నచో ఆ వ్రాతయే చెల్లును గనుక, వ్రాయునది చదివి వ్రాయవలెను. ఆంధ్రప్రదేశమున అద్దెపత్రము ఏడాదిలోపుదైనను రిజిస్టరు కావలెను. పదునొకండు నెలల పత్రములు వాడుకలో నున్నవి. సొంత డబ్బుతో గది కట్టుకొనువారు మాత్రము పదునొకండు నెలల పత్రముతో తృప్తిపడరాదు. పెట్టిన సొమ్ము అనుభవింపకమునుపే ఇల్లు విడువవలసి రావచ్చును.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరియొక మాట చెప్పినది. కట్టడము పూర్తియై పటము ప్రకారమున్నదని ధ్రువపత్రము వచ్చినపిమ్మటనే విద్యుత్తు, నీరు, మురుగు సౌకర్యములీయవలెనని ఆదేశించినది. అంతకు ముందు నవంబరు 13న, కట్టడములను కూల్చుటకు ముందు కనీసము 15 దినముల గడువుతో నోటీసు ఈయవలెననియు, దానిని కట్టడమునకును అంటింపవలెననియు నిర్ణయించినది. అయితే వీథిలోనికి, కాలిబాటపైకి, రైలుమార్గపు ప్రక్కకు, నదిలోనికి చొచ్చుకొనివచ్చిన అక్రమ కట్టడములకు ఈ రక్షణ లేదు. ముద్దనూరు వంటి రైలుస్టేషనుగల యూళ్లలో ఇల్లు వెదకువారు ఈ యొక్క మాటను కొంగున ముడివేసికొనవలెను.

కొందరు సోదరీమణులు ముందుగదిలో కుట్టుపనియో, పచ్చళ్ల వ్యాపారమో పెట్టుకొందుమని యిల్లు చూతురు. సంతోషమే. కాని ఆ సంగతి యజమానితో చెప్పి పత్రమున వ్రాయింపుడు. వ్యాపారమునకు వాడు విద్యుత్తునకు ధర వేరు. గృహావసరపు మీటరుపై దుకాణము నడిపినచో 2003 నాటి విద్యుత్తు చట్టము ప్రకారము రెట్టింపు ధర కట్టవలసి వచ్చును. తినుబండారములమ్మువారికి ఆహారభద్రతాశాఖ నమోదు కావలెను. దిగుటకు ముందే పాతబిల్లుల బకాయి యున్నదేమో చూచి, మీటరు అంకెను ఇరువురును సంతకము చేసిన కాగితముపై వ్రాసికొనవలెను.

ఇక ఆ సోదరి కథకు వత్తము. రెండేండ్ల పిమ్మట వారు మరల ఇల్లు మారవలసివచ్చెను. ఈసారి ఆమె బయానా చేతికీయకముందే ఇంటిపటమడిగెను. యజమానురాలు వయసుమళ్లిన విధవ. మొదట నొచ్చుకొని, “నన్ను నమ్మవా తల్లీ?” అనెను. సోదరి, “మిమ్ము నమ్ముదును గనుకనే అడుగుచున్నానమ్మా. రేపు నోటీసు వచ్చినచో అది మీ పేరనే గదా వచ్చును” అని నెమ్మదిగా చెప్పెను. ఆ మాట ఆమె మనసున నాటెను. ఇద్దరును కలిసి కార్యాలయమునకు పోయిరి. స్నానపుగదికి యజమానురాలి పేర దరఖాస్తు పెట్టిరి. ఖర్చెవరిది, ఎన్నియేండ్లుండవచ్చును, విడుచునపుడు గది యెవరికి, అని పత్రము వ్రాసికొని రిజిస్టరు చేయించిరి. అనుమతి వచ్చువరకు పాతయింటి అద్దె మరియొక నెల కట్టవలసివచ్చెను. భర్త కొంత విసుగుకొనెను. ఆమె సహించెను.

గది పూర్తియయ్యెను. నేలపై నునుపైన బండకు బదులు గరుకుబండ వేయించి, గోడకు పట్టుకొనుటకు ఇనుపకమ్మి బిగించిరి. ఆ దినముననే పాలు పొంగించిరి. మొదటి రాత్రి అత్తగారు లేచినపుడు కోడలు ఉలిక్కిపడి పరుగున పోగా, ఆ పెద్దామె కమ్మి పట్టుకొని తానే నడచుచు, “నీవు పడుకొనుము, నేను పోగలను” అనెనట.