టెన్నిసు ఆటలో యుక్తియు, సమానుల స్పర్ధయు

పాఠశాల విడిచిన పిమ్మట మన బాలురు నలుగురు ఒకచోట చేరినచో టెన్నిసును గూర్చిన వివాదమొకటి తఱచుగా వినవచ్చును. స్విట్జర్లాండు దేశస్థుడగు రోజర్ ఫెడరర్ అందఱికంటె గొప్పవాడని ఒకడనును. స్పెయిను దేశస్థుడగు రఫాయెల్ నాదల్‌కు సాటి లేదని మఱియొకడనును. ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, వింబుల్డన్, అమెరికా పోటీలను నాలుగు మహాపోటీలందురు. వానిలో ఫెడరర్ 20 మారులును, నాదల్ 22 మారులును గెలువగా, సెర్బియా దేశస్థుడగు నొవాక్ జొకోవిచ్ 2023 నాటికే 24 మారులు గెలిచెనని మూడవవాడు లెక్క చూపును. వాదము ముదిరి స్నేహితులు ఒకరితోనొకరు మాటలాడుట మానుకొనుటయు గలదు.

ఈ వివాదమునకు తుది కానరాదు. ఏలయన, ఇందు అడుగబడుచున్న ప్రశ్నయే అంతగా ప్రయోజనకరమైనది కాదు. ‘ఎవడు గొప్పవాడు?’ అనుటకు మాఱుగా, ‘ఇతడు ఎదుటివానికి ఎట్టి చిక్కు కల్పించెను? ఎదుటివాడు దానిని ఎట్లు విడదీసెను?’ అని అడిగినచో ఆట అంతయు వేఱొక విధమున కన్పట్టును. అట్లు చూచుటకు కొన్ని మూలవిషయములు తెలియవలెను.

టెన్నిసు కోర్టు పొడవు 78 అడుగులు. ఇద్దఱాడునపుడు దాని వెడల్పు 27 అడుగులు. నలుగురాడునపుడు 36 అడుగులు. నడుమ కట్టిన వల రెండు గుంజలయొద్ద 3½ అడుగుల యెత్తుండును. సరిగా మధ్యభాగమున 3 అడుగులు మాత్రమే. ఈ స్వల్పమైన కొలతలలోనే ఆటలోని యుక్తి చాలవఱకు ఇమిడియున్నది. ప్రక్కగీటు వెంబడి తిన్నగా కొట్టిన బంతికి లభించు దూరము 78 అడుగులు. ఒక మూలనుండి ఎదుటి మూలకు ఐమూలగా కొట్టినచో, లెక్కల తరగతిలో మీరు నేర్చిన కర్ణసూత్రము ననుసరించి, అది సుమారు 82½ అడుగులగును. అనగా ఐమూల దెబ్బకు నాలుగున్నర అడుగుల చోటు ఎక్కువ దొరకును. అంతేగాక ఆ బంతి, వల తగ్గుగానుండు నడిమి భాగము మీదుగా పోవును. కావుననే ఆరితేఱిన ఆటగాండ్రు పెక్కు దెబ్బలు ఐమూలగానే కొట్టుచు, ఎదుటివాని బంతి దగ్గఱగా పడినపుడో, అతడు తన చోటు తప్పినపుడో మాత్రమే గీటు వెంబడి తిన్నగా కొట్టుదురు. చూచువారికి వారు ఊరక బంతిని అటునిటు పంపుచున్నట్లు తోచును గాని, నిజమునకు ఆ తరుణముకొఱకే వేచియున్నారని యెఱుంగవలెను.

రెండవది బంతి తిరుగుడు. రాకెట్టును క్రిందినుండి పైకి ఒఱయునట్లు త్రిప్పి కొట్టినచో బంతి ముందునకు పొరలుచు పోవును. అట్టి బంతి వలకు మిక్కిలి యెత్తుగా పోయినను త్వరగా క్రిందికి వంగి గీటు లోపలనే పడును. పడిన పిదప ఎత్తుగా లేచును. దీనిని టాప్‌స్పిన్ అందురు. బంతి అడుగుభాగమును కోసినట్లు కొట్టినచో అది వెనుకకు తిరుగుచు, తేలుచు పోయి, పడిన పిదప నేలనంటి జాఱును. దీనికి స్లైసు అని పేరు.

మూడవది గాలి. ఉదయ సాయంకాలములందు సూర్యుడు ఆటగాని కన్నులకు ఎదురుగా నుండకుండుటకై కోర్టును సామాన్యముగా ఉత్తర దక్షిణములుగా నిర్మింతురు. మన నెల్లూరు తీరమున పగటివేళ నేల సముద్రముకంటె వేగముగా వేడెక్కుటచే, మైపాడు, కృష్ణపట్నము మొదలగు చోట్ల మధ్యాహ్నము తిరిగిన పిమ్మట తూర్పు సముద్రమునుండి గాలి వీచును. అట్టి వేళ బంతి పడమటికి త్రోయబడును. పడమటి గీటునకు ఆనునట్లు కొట్టిన దెబ్బ వెలుపల పడును. తూర్పు గీటు వైపునకు గుఱిచూచి కొట్టినది లోపలికి వచ్చి చేరును. దక్షిణాభిముఖుడై ఆడువానికి ఈ గాలి ఎడమప్రక్కనుండియు, ఉత్తరాభిముఖునకు కుడిప్రక్కనుండియు వచ్చును. ప్రతి సెట్టునందును మొదటి ఆట, మూడవ ఆట, ఐదవ ఆట, ఇట్లు బేసి ఆటలు ముగియగానే ఇరువురును చోట్లు మార్చుకొందురు గనుక, ఒక ప్రక్కన పనికివచ్చిన యుక్తి రెండవ ప్రక్కన పనికిరాదు. ఈ మార్పును ముందుగా గ్రహించినవానికి మన తీరపు గాలి తోడగును. గ్రహింపనివాడు గాలిని నిందించుచు ఆట పోగొట్టుకొనును.

యుక్తి యెంత యున్నను, దానిని పరీక్షించు సమానుడు లేనిచో అది పెరుగదు. సమానులందఱును ఒకే రంగమున కలిసికొనుట గూడ చిరకాలము జరుగలేదు. పూర్వము వింబుల్డన్ మొదలగు మహాపోటీలందు ద్రవ్యము పుచ్చుకొనక ఆడువారికే ప్రవేశముండెను. ఆ దినములలోనే, చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున, సుప్రసిద్ధ క్రీడాపోషకుడగు బుచ్చిబాబు నాయుడుగారికి కుమారుడై జన్మించిన కోటా రామస్వామిగారు 1922లో డేవిస్ కప్పు టెన్నిసు పోటీలలో భారతదేశము పక్షమున ఆడిరి. వీరే 1936లో, నలువదేండ్ల వయస్సున, మాంచెస్టరులో తమ మొదటి టెస్టు క్రికెట్టు పందెమాడి 40, 60 పరుగులు చేసిరి. ఆటనే వృత్తిగా గైకొన్నవారు మాత్రము మహాపోటీలకు వెలియై యుండిరి. ఆస్ట్రేలియా దేశస్థుడగు రాడ్ లేవర్ 1962లో నాలుగు మహాపోటీలను ఒకే యేట గెలిచి, వెనువెంటనే వృత్తిక్రీడలో ప్రవేశించుటచే అయిదేండ్లు వానికి దూరమయ్యెను. 1968లో ఆ కట్టుబాటు తొలగింపబడెను. 1969లో లేవర్ మరల నాలుగింటిని గెలిచెను. నేడు మనము చూచుచున్న ఉత్తములస్పర్ధ ఆ 1968 నాటి తీర్పునకు ఫలము.

ఇక ఫెడరర్, నాదలుల కథ వినుడు. నాదల్ ఎడమచేతితో ఆడును. కుడిచేతివాడు తన కుడిప్రక్కన కొట్టు దెబ్బ ఫోర్‌హ్యాండు. చేతిని దేహమునకు అడ్డముగా త్రిప్పి ఎడమప్రక్కన కొట్టునది బ్యాక్‌హ్యాండు. ఎడమచేతివానికి ఇవి తాఱుమాఱగును. కావున నాదల్ తన బలమైన ఫోర్‌హ్యాండుతో ఐమూలగా కొట్టిన బంతి తిన్నగా ఫెడరర్ బ్యాక్‌హ్యాండు ప్రక్కకే పోవును. దానికి టాప్‌స్పిన్ మిక్కుటముగా నుండుటచే అది భుజముల పైకి లేచును. ఫెడరర్ బ్యాక్‌హ్యాండును ఒంటిచేతితో కొట్టువాడు. భుజముకంటె ఎత్తుగా వచ్చు బంతిని ఒంటిచేతితో బలముగా త్రిప్పికొట్టుట కష్టము. బంతి మిక్కిలి యెత్తుగా లేచు ఎఱ్ఱమట్టి కోర్టులందు ఈ చిక్కు మఱింత బిగిసెను. అట్టి కోర్టులపై వారాడిన 16 పందెములలో నాదల్ 14 గెలిచెను. 2008లో వింబుల్డన్ పచ్చిక మీదను, 4 గంటల 48 నిమిషముల పోరాటము పిమ్మట, నాదలుకే జయము కలిగెను.

ఫెడరర్ ఏమి చేసెను? ఎదుటివాని చేతిని నిందింపలేదు; తన పరికరమునే మార్చెను. 2014 మొదలుకొని 90 చదరపు అంగుళముల రాకెట్టును విడిచి 97 చదరపు అంగుళముల దానిని పట్టెను. బంతి భుజము దాటునంతవఱకు ఆగక, అది లేచుచుండగనే ముందునకు వచ్చి, బ్యాక్‌హ్యాండుతో బల్లపఱపుగా కొట్టుట సాధన చేసెను. 2017 ఆస్ట్రేలియా అంత్యపోటీలో, ముప్పదియైదేండ్ల వయస్సున, అయిదవ సెట్టులో 1–3 వెనుకబడియు, వరుసగా అయిదు ఆటలు గెలిచి నాదలును ఓడించెను. ఆ యేడు వారిరువురును నాలుగు మారులు తలపడగా నాలుగింటను ఫెడరరే గెలిచెను. వారాడిన మొత్తము 40 పందెములలో నాదలునకు 24, ఫెడరరునకు 16 దక్కినవి. ఈ లెక్క నాదలు గెలుపును చెప్పును గాని, ఫెడరర్ తన ముప్పదియైదవయేట నూతనముగా నేర్చిన దానిని చెప్పదు.

ఇదే చిక్కు జొకోవిచ్‌కు అంతగా చిక్కు కాలేదు. అతడు బ్యాక్‌హ్యాండును రెండు చేతులతో కొట్టును గనుక, ఎత్తుగా లేచిన బంతిని అణచి, గీటు వెంబడి తిన్నగా పంపగలడు. ఆ బంతి నాదల్ బ్యాక్‌హ్యాండు ప్రక్కకు చేరును. అయినను నాదల్ లొంగలేదు. 2012 ఆస్ట్రేలియా అంత్యపోటీ 5 గంటల 53 నిమిషములు సాగిన పిదపగాని జొకోవిచ్ గెలువజాలడయ్యెను. 2024 పారిస్ ఒలింపిక్సు వఱకు వారాడిన 60 పందెములలో జొకోవిచ్ 31, నాదల్ 29 గెలిచిరి. ఒకని చిక్కునకు మఱియొకడు సమాధానము కనుగొనును. ఆ సమాధానమే మొదటివానికి క్రొత్త చిక్కగును. ముగ్గురును ఇంతవారగుటకు ఇదియే కారణము.

మన తెలుగునాటనే ఇందుకు మఱియొక దృష్టాంతము గలదు. హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా 2005లో ఆ నగరముననే వృత్తిక్రీడాకారిణుల పోటీలో ఒంటరి ఆట బిరుదమును గెలిచెను. 2007లో ప్రపంచమున 27వ స్థానము నందెను. ఆమె ఫోర్‌హ్యాండు మెఱుపువంటిది. 2008లో మణికట్టునకు శస్త్రచికిత్స జరిగెను. 2013లో ఒంటరి ఆటను విడిచి, జంట ఆటకే ఆమె తన శక్తినంతయు వినియోగించెను. 2015లో స్విట్జర్లాండు దేశపు మార్టినా హింగిస్‌తో జతకూడెను. వీరి యుక్తి సులభముగా గ్రహింపదగినది: సానియా వెనుకనుండి ఫోర్‌హ్యాండుతో బలముగా కొట్టగా, ఎదుటివారి బంతి మెత్తగా, ఎత్తుగా తిరిగివచ్చును, వలయొద్ద పొంచియున్న హింగిస్ దానిని ఎవరు నిలువని చోటికి తోయును. ఒకరి బలము మఱియొకరికి తరుణము కల్పించుట జంట ఆటలోని రహస్యము. ఆ యేడు వింబుల్డన్ అంత్యపోటీలో రష్యా దేశపు మకరోవా, వెస్నినా జంటపై మూడవ సెట్టులో 2–5 వెనుకబడియు వీరు 7–5 గా గెలిచిరి. వరుసగా 41 పందెములలో వీరికి ఓటమి లేకపోయెను.

2016 ఆగస్టులో ఆ జంట విడిపోయెను. ఆ నెలలోనే అమెరికాలోని సిన్సినాటి అంత్యపోటీలో చెక్ దేశపు స్ట్రికోవాతో కూడిన సానియా ఒకప్రక్కను, అమెరికా దేశపు వాండవేతో కూడిన హింగిస్ ఎదుటిప్రక్కను నిలిచిరి. ఒకరి గుట్టు మఱియొకరికి క్షుణ్ణముగా తెలిసియుండెను. సానియా పక్షము 7–5, 6–4 గా గెలిచెను. ఆ యేటి చివర సింగపూరులో జరిగిన పోటీలో సానియా, హింగిసులు మరల ఒకే పక్షమున ఆడిరి! నిన్నటి చెలికత్తె నేటి ప్రత్యర్థిని, ఱేపు మరల చెలికత్తె. ఎదుట నిలిచినంతమాత్రమున శత్రుత్వము కలుగనవసరము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల? 2022 సెప్టెంబరులో లండనున ఫెడరర్ తన కడపటి ఆట ఆడినపుడు జంటగా నిలిచినవాడు నాదలే. ఆట ముగిసిన పిదప ఇరువురును ప్రక్కప్రక్కను కూర్చుండి కన్నీరు విడిచిరి.

ఓటమి తరువాత ఏమి చేయవలెననుటకు 2025 నాటి సంగతి చాలును. ఆ జూను 8వ తేదీన పారిసులో ఇటలీ దేశపు సిన్నర్, స్పెయిను దేశపు అల్కరాజ్ 5 గంటల 29 నిమిషములు పోరాడిరి. ఒక్క బంతి గెలిచినచో బిరుదము తనదగు స్థితికి సిన్నర్ మూడు మారులు వచ్చియు ఓడిపోయెను. అయిదు వారములు గడచునప్పటికి, జూలై 13వ తేదీన, అతడే వింబుల్డన్ అంత్యపోటీలో అదే అల్కరాజును ఓడించెను. తన్ను ఓడించినవాని ఎదుటికి మరల పోవుటకు అతడు జంకలేదు.

విద్యార్థులారా! మీలో పలువురు టెన్నిసు రాకెట్టు పట్టియుండకపోవచ్చును. కబడ్డీ యైనను, వాలీబాలైనను, పరీక్షయైనను న్యాయమొక్కటియే. తనకంటె తక్కువవారితోనే ఆడి గెలుచువానికి తన లోపము ఎన్నడును తెలియదు. దానిని చూపగలవాడు సమానుడే. అట్టివానితో మాటలు మానుకొనుట, దారి చూపు దీపమును మన చేతులతోనే ఆర్పుకొనుట వంటిది. ప్రతి పందెము పిమ్మట ఒక చిన్న పుస్తకమున రెండు పంక్తులు వ్రాసికొనుడు: ఎదుటివాడు నాకు కల్పించిన చిక్కేమి? దానికి నేను చేసిన యత్నమేమి? ఒక యేడు గడచిన పిదప వానిని చదివికొన్నచో మీ పురోగమనము మీకే తెలియగలదు. తల్లిదండ్రులకును ఒక మనవి. బిడ్డ ఆటస్థలమునుండి ఇల్లు చేరగానే ‘గెలిచితివా?’ అని మాత్రమే యడుగక, ‘వాడు ఎట్లాడెను? నీవేమి చేసితివి?’ అని కూడ అడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు బదులు చెప్పగల బిడ్డ, ఆ దినమున ఓడినను, మరునాడు ఆటస్థలమునకు సంతోషముతో పోవును.