నీలి మచ్చ.. లోతు చెప్పే రంగు

ఆళ్లగడ్డ నుంచి తూర్పుకు చూస్తే నల్లమల నీలంగా కనిపిస్తుంది. దగ్గరికెళ్తే ఉండేవి చెట్లు, మట్టి, రాళ్లే. ఆ నీలం కొండది కాదు. మధ్యనున్న గాలి వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చింది. చర్మం మీది నీలి మచ్చల సంగతీ ఇంచుమించు ఇదే.

చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌లో నీలం ఉండదు. అది పైపైనే ఉంటే మచ్చ నల్లగా కనిపిస్తుంది. కాస్త కిందుంటే గోధుమ రంగు, ఇంకా దిగితే బూడిద రంగు, బాగా లోతుంటే నీలం. ఎర్రటి కాంతి లోపలిదాకా వెళ్లి మెలనిన్‌లో ఇంకిపోతే, నీలి కాంతి దారిలోనే చెదిరి వెనక్కి వస్తుంది. నల్లటి మసితో పొడిచినా పచ్చబొట్టు పచ్చగా, నీలంగా కనిపించేది ఇందుకే.

ఈ లోతును పసిగట్టేందుకు చర్మ వైద్యులు డెర్మోస్కోప్ వాడతారు. చేతిలో ఇమిడే ఈ పరికరం మచ్చను సుమారు 10 రెట్లు పెద్దదిగా చూపుతుంది. సూది, కోత, నొప్పి ఏవీ ఉండవు.

కంగారు అక్కర్లేనివి

- పసిబిడ్డల నడుము, పిరుదుల మీది నీలి మచ్చలు. బడికెళ్లే వయసుకు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి.
- ఏళ్లుగా మారకుండా, అంతటా ఒకే నీలంతో ఉండే చిన్న బుడిపె. దీన్ని బ్లూ నీవస్ అంటారు.
- కంటి చుట్టూ ఒకవైపే పరుచుకునే నీలి-బూడిద మచ్చ.. ఓటా నీవస్. ఇది ఉన్నవారు కంటి ఒత్తిడి మాత్రం పరీక్షించుకుంటూ ఉండాలి.
- పెద్దవాళ్ల పెదవి మీద, నొక్కితే తగ్గే నీలి బుడగ. అది ఉబ్బిన రక్తనాళం.

చూపించుకోవాల్సినవి

మచ్చలో కొంత భాగమే నీలంగా మారి, దానిమీద తెల్లటి పొగమంచు కమ్మినట్టుంటే డాక్టర్లు మెలనోమా అనే క్యాన్సర్‌ను అనుమానిస్తారు. ముఖం మీది మచ్చలో నీలి-బూడిద ముద్దలు, కొమ్మల్లాంటి రక్తనాళాలు కనిపిస్తే బేసల్ సెల్ క్యాన్సర్ కావచ్చు. మనవారిలో ఇది తరచూ నల్లగానే ఉండటంతో పుట్టుమచ్చ అని వదిలేస్తుంటారు.

మెలనోమా మనకు అరుదే. వస్తే మాత్రం అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వెతకాలి. గాయకుడు బాబ్ మార్లే కాలి బొటనవేలి గోరు కింద వచ్చినదాన్ని మొదట ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. అది మెలనోమా. ఆయన 1981లో, 36 ఏళ్లకే చనిపోయారు. పొలం పనిచేసే ఇళ్లలోనూ అరికాలి మచ్చ అనగానే 'ముల్లు గుచ్చుకుందేమో' అనుకోవడం మామూలే. ముల్లు మచ్చ వారాల్లో తగ్గాలి. తగ్గకుండా పెరుగుతుంటే చూపించాల్సిందే.

ఇంటివాళ్లు చెప్పాల్సింది

డెర్మోస్కోప్ లోతు చెబుతుంది, వయసు చెప్పదు. ఒకే నీలంతో ఉన్న బుడిపె ఇరవై ఏళ్లనాటిదైతే నిశ్చింతగా ఉండొచ్చు. మూణ్నెల్ల కిందట పుట్టిందైతే అదే నీలాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. క్యాన్సరూ అలా కనిపించగలదు. ఎప్పటి నుంచి ఉంది? పెరిగిందా? రక్తం కారిందా? ఈ జవాబులు ఇంట్లోనే దొరుకుతాయి. పాత పెళ్లి ఫొటోలు, ఫోన్లోని ఫొటోలు వెతికి వెంట తీసుకెళ్లండి.

మచ్చను సున్నంతోనో, యాసిడ్‌తోనో కాల్చొద్దు. పార్లర్‌లో లేజర్ చేయించొద్దు. పైది పోయినా లోపలిది మిగలొచ్చు, పైగా పరీక్షకు ముక్క దొరకదు. డాక్టరే మచ్చ తీస్తే దాన్ని బయాప్సీకి పంపమని అడగండి.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. అక్కడి చర్మ వైద్యులకు చూపించుకోవచ్చు. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. నెలకోసారి స్నానమయ్యాక అరికాళ్లు, గోళ్లు, వీపు చూసుకోండి. వీపు, కాళ్లు తాము చూసుకోలేని పెద్దవాళ్లకు ఆ పని పిల్లలు చేయాలి.