లినక్స్ ఆటల జమాఖర్చులు

గుంటూరునుండి బాపట్లకు పోవు దారిలో, పొన్నూరు బస్టాండు కడ సాయంకాలము కొంతసేపు నిలిచి చూచినచో, బస్సుకొరకు వేచియున్న విద్యార్థులలో పలువురు చేతి ఫోనులో ఏదో ఒక ఆటలో మునిగియుండుట కనబడును. ఆ ఫోనులలో అత్యధికభాగము ఆండ్రాయిడ్ ఫోనులు. ఆండ్రాయిడునకు పునాదియైన కెర్నలు, అనగా యంత్రమునకును ప్రోగ్రాములకును నడుమ నిలిచి పని జరిపించు మూలభాగము, ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్సే. 2017లో బాహుబలి చిత్రము పేర వెలువడిన ఫోను ఆటను ఆండ్రాయిడుపై ఆడిన తెలుగు బాలురెల్లరును తామెరుగకయే లినక్సుపై ఆడినవారు. అట్లయ్యును అదే విద్యార్థి హాస్టలు గదిలో లాప్‌టాపు తెరచి, దానిలో లినక్స్ రూపమైన ఉబుంటు వేసికొని, పేరుపొందిన ఆటనొకదానిని కొనబోయినచో, అది విండోసునకు మాత్రమే యను సమాధానము చిరకాలము ఎదురగుచు వచ్చినది. అరచేతిలో రాజ్యమేలుచున్న లినక్సునకు కంప్యూటరు ఆటల అంగడిలో ఇంతకాలము చోటు దొరకకపోవుటకు కారణమును ఇంజనీర్ల బల్లలపై కంటె గుమాస్తాల చిట్టాలలో వెదకుట మేలు.

విండోసుకొరకు నిర్మించిన ఆటను లినక్సుపై నడచునట్లు మార్చి విడుదల చేయుటను ఆ వృత్తిలోనివారు పోర్టింగు అందురు. తెరపై బొమ్మలను గీయించుటకు విండోస్ ఆట సాధారణముగా మైక్రోసాఫ్టువారి డైరెక్ట్‌ఎక్స్ నాశ్రయించును. లినక్సులో అది లేదు గనుక, ఆ భాగమును ఓపెన్‌జీఎల్ పద్ధతికి గాని, 2016లో వచ్చిన వల్కన్ పద్ధతికి గాని అనుగుణముగా తిరిగి వ్రాయవలెను. ధ్వని, కంట్రోలరు, నెట్‌వర్కు, ఫైళ్లు భద్రపరచు తీరు, అన్నియు పరిశీలింపవలెను. ఈ పని యెంత కష్టమైనను దానికొక అంతము కలదు. అంతములేనిది దాని తరువాతి పని. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, ఆర్చ్ అని లినక్స్ పలు రూపములలో వాడుకలో నున్నది, డ్రైవర్లును పలువిధములు, ఆటకు క్రొత్త సంచిక వెలువడిన ప్రతిసారియు మరల పరీక్షింపవలెను, కొన్నవారి ఫిర్యాదులకు సమాధానము చెప్పవలెను.

ఊహకొక లెక్క వేసి చూతము. ఐదువందల రూపాయల ఆట 20,000 ప్రతులు అమ్ముడుపోయినదనుకొందము. ఆన్‌లైను అంగడివారు తమ వంతుగా నూటికి ముప్పది పుచ్చుకొనగా, నిర్మాతకు ప్రతియొక్కంటికి 350 రూపాయలు మిగులును. కొన్నవారిలో నూటికి ఇద్దరు లినక్స్ వారైనచో 400 ప్రతులు, 1,40,000 రూపాయలు. నెలకు 60,000 జీతముగల ఇంజనీరొకడు మూడు నెలలు ఈ పనిపై కూర్చున్నచో జీతమే 1,80,000. అంతటితోను లెక్క తీరలేదు. ఆ 400 మందిలో సగముమంది తమ యంత్రములో విండోసును కూడ ఉంచుకొని, లినక్స్ ప్రతి లేకున్నను ఆ ఆటను ఎట్లును కొనియుండెడి వారైనచో, పోర్టింగువలన నిజముగా పెరిగిన రాబడి 70,000 మాత్రమే. గుంటూరు మిర్చి యార్డునకు నాలుగు టిక్కీల కాయ చేర్చుటకై లారీ మొత్తమును బాడుగకు మాటాడుకొన్న రైతు స్థితియే ఇట్టి నిర్మాతది: సరకు మేలైనదే కావచ్చును, ధర బాగుగనే పలుకవచ్చును, బాడుగ మాత్రము తగ్గదు.

ఈ సత్యమును తన నష్టముతో లోకమునకు చాటిన సంస్థ లోకీ సాఫ్ట్‌వేర్. 1998లో స్కాట్ డ్రేకర్ కాలిఫోర్నియాలో స్థాపించిన ఈ సంస్థ, ఇతరుల ఆటలకు హక్కులు పొంది, వానిని లినక్సునకు మార్చి, పెట్టెలలో ఉంచి అమ్మసాగెను. 1999లో సివిలైజేషన్: కాల్ టు పవర్‌తో ఆరంభమైన ఆ వ్యాపారము క్వేక్ 3 వంటి సుప్రసిద్ధములైన ఆటలవరకు సాగియు, 2001లో దివాలాకు చేరి, 2002 జనవరిలో మూతపడెను. అయినను అక్కడ పనిచేసిన శామ్ లాంటింగా రూపొందించిన ఎస్‌డీఎల్ అను ఉచిత సాధనము నేటికిని అసంఖ్యాకములైన ఆటలకు ఆధారము. లోకీకి దక్కని లాభము లోకమునకు దక్కినది.

లినక్స్ వాడుకరులు డబ్బు వెచ్చింపరను అపవాదము మాత్రము నిలువలేదు. 2010లో హంబుల్ ఇండీ బండిల్ పేర కొన్ని చిన్న ఆటలను, కొనువారు తమ కిష్టమైన ధర నీయవచ్చునని అమ్మినప్పుడు, లినక్స్ వారిచ్చిన సగటు ధర విండోస్ వారిచ్చినదానికి దాదాపు రెట్టింపైనది. ఔదార్యమున కొరత లేదు. తలల లెక్కయే చాలదు. రాకెట్ లీగ్ నిర్మాతలు 2020లో లినక్స్, మాక్ ప్రతులకు స్వస్తి చెప్పుచు, ఆ రెండింటి ఆటగాండ్రును కలిసి నూటికి 0.3 కంటె తక్కువయని లెక్క చూపిరి. లినక్స్ వారినుండి వచ్చు ఫిర్యాదులు వారి సంఖ్యకు మించియుండునని మరికొందరు నిర్మాతలు విసుగుకొనిరి. ఈ విసుగునకు మారుపక్షము కూడ కలదు. డెల్టా-వీ: రింగ్స్ ఆఫ్ శాటర్న్ అను ఆట నిర్మాత 2021లో వెల్లడించిన లెక్క ప్రకారము, అమ్ముడైన 12,000 పైచిలుకు ప్రతులలో లినక్సువి సుమారు 700, వచ్చిన వెయ్యికి పైబడిన దోషనివేదికలలో లినక్స్ వారివి సుమారు 400. ఆ 400లో లినక్సునకే ప్రత్యేకమైన దోషములు మూడంటే మూడు. తక్కినవన్నియు అందరి ఆటను బాధించు లోపములే. నేర్పుగల పరీక్షకులు జీతము లేకుండ దొరకినారని ఆ నిర్మాత సంతసించెను.

ఇంత జరిగినను లారీ బాడుగ నిర్మాతదిగనే యుండెను. ఆ భారమును మరియొకరు తలకెత్తుకొనుటతో కథ మారినది. స్టీమ్ అను ఆన్‌లైను ఆటల అంగడికి యజమానియైన వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్, మైక్రోసాఫ్టు తన సొంత అంగడిని విండోస్ 8లోనే చేర్చిన 2012లో, ఆ విండోస్ పీసీ లోకమునకు విపత్తని బహిరంగముగా పలికెను. పరుల నేలపై అంగడి పెట్టుకొన్నవాని భయము అది. 2013లో స్టీమ్ లినక్సునకు వచ్చెను. 2015లో విడుదలయిన స్టీమ్ మెషీన్లు అను లినక్స్ ఆటయంత్రములు, ఆటలు చాలక, విఫలమయ్యెను. ఆటలు లేనిదే కొనువారు రారు, కొనువారు లేనిదే ఆటలు రావు. ఈ చిక్కును విడదీసినది 2018లో వెలువడిన ప్రోటాన్. 1993నుండి స్వచ్ఛందముగా పెరుగుచు వచ్చిన వైన్ అను ప్రోగ్రామును, డైరెక్ట్‌ఎక్స్ ఆజ్ఞలను వల్కన్ ఆజ్ఞలుగా మార్చు డీఎక్స్‌వీకేను కలిపి, విండోస్ ఆటను ఉన్నదున్నట్లుగా లినక్సుపై నడిపించు ఏర్పాటిది. నిర్మాత చేయవలసిన పని బహుస్వల్పము. పెక్కు పర్యాయములు శూన్యము. 2022లో స్టీమ్ డెక్ అను చేతి యంత్రమును వాల్వ్ లినక్సుపైననే విడుదల చేసెను. ప్రతి ఆట అమ్మకములోను తనకు వాటా వచ్చుచున్నందున, ఒక్కొక్క నిర్మాతకు గిట్టని ఖర్చు అంగడి యజమానికి గిట్టినది. స్టీమ్ గణనలో లినక్స్ వారి వంతు 2025 చివరకు నూటికి మూడు దాటినది.

అయినను ఈ మేలు సంపూర్ణము కాదు. మోసగాండ్రను పట్టుటకు పోటీ ఆటలలో ఉంచు రక్షకప్రోగ్రాములలో కొన్ని విండోస్ కెర్నలులోనికే చొచ్చి పనిచేయును గనుక, ప్రోటాన్ వానిని దాటలేదు. ఎపెక్స్ లెజెండ్స్ నిర్మాతలు మోసములను కారణముగా చూపి 2024లో లినక్స్ వారికి తలుపు మూసిరి. ప్రోటాన్ ఉండగా మాకేల శ్రమయని కొందరు నిర్మాతలు లినక్సుకొరకు ప్రత్యేకముగా పోర్టు చేయుటయే మానుట మరియొక పరిణామము.

తెలుగునాట ఈ లెక్క తెలిసికొనవలసినవారు కలరు. 2005లో ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ లినక్సును తెలుగులోనికి తెచ్చి, ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులలో దాని వాడుకను వ్యాపింపజేయ యత్నించినది; హైదరాబాదులో ఆటల నిర్మాతల జాతీయ సమావేశములు పలుమారులు జరిగినవి. బాపట్లలోనో వడ్లమూడిలోనో చదివి, స్వయముగా ఆట నిర్మింపబూనిన యువకుడు గ్రహింపవలసిన దేమనగా, పోర్టింగు ఖర్చు ఆట ముగిసిన తరువాత కంటె మొదటి నెలలోనే అధికముగా నిర్ణయమగును. డెల్టా-వీ నిర్మాత వలె, ఉచితమైన గోడో వంటి ఇంజనుపై మొదటినుండి నిర్మించి, ప్రతి వారము లినక్సుపై కూడ నడిపి చూచుచు వచ్చినచో, లారీకి వేరుగా బాడుగ ఉండదు. విండోసునకు మాత్రమే లభించు సాధనములపై మూడేండ్లు కట్టి, పిమ్మట మార్చబోయినచో లోకీ అనుభవమే మిగులును.

వాల్వ్ ఔదార్యము వాల్వ్ లాభమును ఆశ్రయించి యున్నది. ఆ లాభపు లెక్క ఎన్నడైనను తారుమారు కావచ్చును. కాని వైన్, డీఎక్స్‌వీకేల సోర్సు కోడు అందరికిని స్వేచ్ఛగా లభించుచున్నది గనుక, ఆ సంస్థ రేపు వెనుదిరిగినను దానిని కొనసాగించు హక్కు ఎవరికైనను కలదు. లోకీ మూతపడిన పిమ్మట ఎస్‌డీఎల్ బ్రతికినట్లే ఇవియు బ్రతుకగలవు. బ్రతికించుటకగు వ్యయమును ఎవరు వహింతురను ప్రశ్న మాత్రము అప్పుడు మరల చిట్టా మొదటి పుటకెక్కును.